బటన్ నొక్కినంక ఏమైంది? అదే అసలు వార్త

నేను హైదరాబాద్‌ల టెక్నాలజీ రిపోర్టర్‌ను. స్టార్టప్ కంపెనీలు, సర్కారు ఐటీ నా బీట్. ఈ మాట చెప్పంగనే పోరగాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, ఇరవై వేలల్ల ఏ ఫోన్ మంచిగుంటది?" ఫోన్ల ముచ్చట చెప్పెటోళ్లు యూట్యూబ్‌ల మస్తు మంది ఉన్నరు. నా పని అది కాదు. ఒక కంపెనీ చెప్పుకునే పైసలు నిజంగ వచ్చినయా, సర్కారు తెచ్చిన పోర్టల్ ఊర్ల మనిషికి పనికొచ్చిందా, తప్పు జరిగితె ఎవరు దిద్దాలె అని కాయితాలు పట్టుకొని అడుగుడు నా పని.

ఇది పట్నపోళ్ల ముచ్చట అనుకోకుండ్రి. మీ ఇంట్ల రేషన్ కార్డు, నాయిన పేరు మీది పట్టా పాసుబుక్కు, అమ్మ కూలి పని హాజరు, చెల్లె ఇంటర్ మార్కులు, మీ స్కాలర్‌షిప్ అన్నీ ఇయ్యాల ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ల ఉన్నయి. ఎన్కట తప్పు జరిగితె ఆ తప్పు రాసిన గుమాస్తా కండ్ల ముందట ఉండెటోడు. అడగొచ్చు, కొట్లాడొచ్చు. ఇప్పుడు కౌంటర్ కాడ మనిషి "సిస్టంల గట్లనే చూపిస్తుంది" అంటడు. ఆ సిస్టం ఎవరు కట్టిన్రు, ఎన్ని పైసలకు కట్టిన్రు, దాంట్ల తప్పు దిద్దే తొవ్వ ఉందా లేదా? నా బీట్ మొత్తం ఈ మూడు ప్రశ్నల చుట్టే తిరుగుతది.

వంద కోట్ల కంపెనీ అంటె వంద కోట్లు ఉన్నట్టు కాదు

ముందుగాల స్టార్టప్‌ల సంగతి చూద్దాం. 1998ల సైబర్ టవర్స్ షురూ అయినప్పుడు హైదరాబాద్ ఐటీ అంటె ఎక్కువగ బయటి దేశాల కంపెనీలకు పని చేసి పెట్టుడు. 2015 నవంబర్‌ల టీ-హబ్ వచ్చినంక సొంత కంపెనీ పెడ్తమనే పోరగాళ్లకు ఒక అడ్డా దొరికింది. 2022 జూన్‌ల రాయదుర్గంల దాని కొత్త బిల్డింగ్ తెరిచిన్రు. ఇప్పుడు నా మెయిల్ నిండ దినాం ప్రెస్ నోట్లే. "ఫలానా కంపెనీకి ఇన్ని కోట్ల ఫండింగ్", "ఇంత వాల్యుయేషన్", "ఇన్ని లక్షల యూజర్లు" అని.

ఈ వాల్యుయేషన్ అంటె ఏందో తేటగ చెప్త. మీ దోస్తు ఒక యాప్ పెట్టిండనుకోండ్రి. ఒకాయన వచ్చి పది కోట్లు ఇచ్చి కంపెనీల పది శాతం వాటా తీసుకున్నడు. పది శాతం ధర పది కోట్లయితె మొత్తం కంపెనీ ధర వంద కోట్లు అని లెక్క గడ్తరు. తెల్లారి పేపర్ల "వంద కోట్ల కంపెనీ" అని వస్తది. ఖాతాల పడ్డది మాత్రం పది కోట్లే. అది గూడ ఒక్కసారే పడ్తదని లేదు. మూడు విడతలుగ రావచ్చు, నడుమ ఆగిపోవచ్చు. ఊర్ల ఒక గుంట జాగ మంచి ధరకు పోతె, పక్కన ఉన్న పదెకరాలకు గూడ అదే ధర గట్టి చెప్పుకున్నట్టు ఇది.

ఇంకోటి వ్యాపారం లెక్క. ట్రాక్టర్లు కిరాయికి ఇప్పించే యాప్ ఉన్నదనుకుందాం. ఏడాదిల దాని మీదికెళ్లి కోటి రూపాయల కిరాయిలు నడిచినయి. కంపెనీ కమీషన్ ఐదు శాతం. అంటె కంపెనీకి మిగిలేది ఐదు లక్షలు. ప్రెస్ నోట్‌ల మాత్రం కోటి అని రాస్తరు. అది అబద్ధం కాదు, కాని ఆ కోటి కంపెనీ ఆమ్దానీ కాదు. అట్లనే "పది లక్షల డౌన్‌లోడ్లు" అంటె, పోయిన నెల ఎంతమంది వాడిన్రని నేను అడుగుత. ఒకసారి దించుకొని తెల్లారే తీసేసినోడు గూడ డౌన్‌లోడ్ లెక్కల ఉంటడు.

మరి అసలు లెక్క యాడ దొరుకుతది? ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితె కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖకు ఏటా లెక్కలు ఒప్పజెప్పాలె. ఆ శాఖ వెబ్‌సైట్‌ల కంపెనీ ఎప్పుడు పుట్టింది, యాడ రిజిస్టర్ అయింది అన్నది పైసా కట్టకుండ చూడొచ్చు. వంద రూపాయలు కడితె ఆ కంపెనీ దాఖలు చేసిన కాయితాలు తెరిచి చూడొచ్చు. ఏఓసీ-4 ఫారంల లాభనష్టాలుంటయి. ఎంజీటీ-7ల వాటాలు ఎవరి చేతిల ఉన్నయో ఉంటది. కొత్త వాటాలు ఇస్తె పీఏఎస్-3 అనే ఫారం వెయ్యాలె. అంటె చెప్పిన ఫండింగ్ నిజంగ వచ్చిందా లేదా అక్కడ దొరకవట్టొచ్చు. ఇబ్బంది ఏందంటె, మార్చిల ముగిసిన ఏడాది లెక్క మన కండ్లకు ఆనేసరికి అక్టోబర్, నవంబర్ అయితది. అందుకే ఒక కంపెనీ గురించి ఒకసారి రాసి ఊకోవద్దు. ఏడాదికి మళ్ల తెరిచి చూడాలె.

అవార్డు, ధర చూసి నమ్మితె ఏమైతదో మన హైదరాబాద్ కంపెనీయే చూపించింది. సత్యం కంప్యూటర్స్‌కు 2008ల మంచి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చిన్రు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు, లెక్కలు ఉబ్బించి చూపిన సంగతి ఒప్పుకుంట ఉత్తరం రాసిండు. 7 వేల కోట్లు దాటిన మోసం అది. మొన్నమొన్న బైజూస్ సంగతి చూసిన్రు. 2022ల 22 బిలియన్ డాలర్ల కంపెనీ అన్నరు. 2024 జూలైల దివాలా కేసుల పడ్డది. పిల్లల ఫీజు ముందే కట్టిన తల్లిదండ్రులకు, అందుల కొలువు చేసిన పోరగాళ్లకు ఆ 22 బిలియన్లు ఎందుకూ అక్కరకు రాలే.

అన్నీ ఉత్తయే అని గూడ అనను. హైదరాబాద్‌ల పుట్టిన స్కైరూట్ కంపెనీ 2022 నవంబర్ 18న శ్రీహరికోట కెళ్లి విక్రమ్-ఎస్ రాకెట్ పంపింది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. అసొంటి రోజు రాసుడు తేలిక, ఎందుకంటె లేచిన రాకెట్ అందరికి కనపడ్తది. ఫండింగ్ వార్త కంటె, పని చేసిన వస్తువు వార్త గట్టిది.

పోర్టల్ ఎట్ల పుడ్తది?

ఇగ సర్కారు ఐటీ కాడికి వస్త. ఒక శాఖ ఏదో పని ఆన్‌లైన్ చెయ్యాలనుకుంటది. టెండర్ పిలుస్తది, లేకపోతె ఎన్‌ఐసీ అసొంటి సర్కారు సంస్థకు అప్పజెప్తది. టెండర్ కాయితంల కంపెనీకి ఎంత అనుభవం ఉండాలె, ఎన్ని దినాలల్ల పూర్తి చెయ్యాలె, ఆలస్యమైతె జుర్మానా ఎంత, డేటా ఎవరిది, సోర్స్ కోడ్ ఎవరి చేతిల ఉంటది అని రాస్తరు. తర్వాత తయారీ, టెస్టింగ్, ట్రైనింగ్. ఆఖర్న మంత్రి బటన్ నొక్కుతడు, ఫొటోలు దిగుతరు. పేపర్లల్ల, టీవీలల్ల వచ్చేది ఈ ఆఖరి ముక్క. జనం బతుకు మీద పడేది మాత్రం దానికి ముందు రాసుకున్న షరతులు, దాని తర్వాత కౌంటర్ కాడ జరిగే పని.

నాలుగు సంగతులు చెప్త. నాలుగూ మనం కండ్లార చూసినయే.

మొదటిది 2019 ఏప్రిల్ ఇంటర్ రిజల్ట్స్. ఆ ఏడు రిజల్ట్స్ పని కొత్త సాఫ్ట్‌వేర్ మీద నడిచింది. మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిల్ అని వచ్చింది. తెలుగుల సున్నా పడ్డ ఒక పిల్లకు మళ్ల చూస్తె 99 వచ్చినయి. ఆ రిజల్ట్స్ వచ్చినంక రాష్ట్రంల 20 మందికి పైగా పిల్లలు చచ్చిపోయిన్రు. సర్కారు ముగ్గురి కమిటీ వేసింది, ఫెయిలైన పిల్లల పేపర్లన్నీ ఫీజు లేకుండ మళ్ల చూపిచ్చింది. వెయ్యికి పైగా పిల్లలు పాసయిన్రు. కొత్త సిస్టం తెచ్చినప్పుడు పాతదాన్ని కొన్నాళ్లు పక్కనే నడపాలె, రెండింటి లెక్కలు కలుస్తున్నయా చూడాలె. ఇది ఐటీల ఒకటో తరగతి పాఠం. రిజల్ట్స్‌కు ముందే "టెస్టింగ్ రిపోర్టు చూపిస్తరా?" అని అడిగే రిపోర్టర్లు పది మంది ఉండుంటె ఎట్లుండెనో అని ఇప్పటికీ అనుకుంట.

రెండోది రేషన్ కార్డులు. తెలంగాణల సమగ్ర వేదిక అనే సిస్టం ఉన్నది. చానా శాఖల డేటా ఒక్కకాడికి తెచ్చి, పేరు, అడ్రస్ అసొంటియి కలిపి చూసి, ఇద్దరూ ఒక్కరేనా కాదా అని అది తేలుస్తది. కారు ఉన్నోనికి రేషన్ కార్డు వద్దనుకుంటె, బండ్ల లిస్టుల పేరు, కార్డు లిస్టుల పేరు కలిసినకాడ కార్డు ఎగిరిపోతది. మన పేర్ల సంగతి మీకు తెల్వనిది కాదు. ఒక్క మండలంలనే లక్ష్ములు ఎంతమంది? ఇంగ్లిష్‌ల ఆ పేరుకే రెండు మూడు తీర్ల స్పెల్లింగ్. హైదరాబాద్‌ల ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి కార్డు లేకుంట అయింది. దగ్గరి పేరున్న వేరే మనిషికి కారుండుడే కారణం. వాళ్లు హైకోర్టు దాకా పోవాల్సొచ్చింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇల్లిల్లు తిరిగి మళ్ల చూడుండ్రని 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. కంప్యూటర్ తప్పు చేస్తదా అనెటోళ్లకు నా జవాబు ఇదే. తప్పు కంప్యూటర్‌ది కాదు. తీసేసే ముందు ఆ ఇంటికి ఒక నోటీస్ ఇచ్చి, ఒక మనిషిని పంపుడు అక్కర లేదనుకున్నోళ్లది.

మూడోది భూమి. 2020 అక్టోబర్ 29న ధరణి షురూ అయింది. అదే ఏడు వీఆర్వోల వ్యవస్థ పోయింది, రెవెన్యూ కోర్టులు పోయినయి. రిజిస్ట్రేషన్ అయిన రోజే పేరు మారుతదంటె మంచిదే. కాని పాసుబుక్కుల పేరు తప్పు పడ్డోళ్లు, విస్తీర్ణం తక్కువ పడ్డోళ్లు, పట్టా భూమి నిషేధిత జాబితాల పడ్డోళ్లు యాడికి పోవాలె? అప్పుడు తహసీల్దార్ చేతిల దిద్దే అధికారం లేకుండె. అర్జీ కలెక్టర్ దాకా పోవాల్సి ఉండె, కాకపోతె సివిల్ కోర్టుకు. ఊర్ల కాయితం రాసెటోని తప్పు దిద్దిచ్చుకునుడు ఒక దినం పని అయితె, గీ తప్పు దిద్దిచ్చుకునుడు ఏండ్ల పని అయింది. స్క్రీన్ మీద ఒక ఆప్షన్ పెట్టకపోవుడు ప్రోగ్రామర్ మతిమరుపు కాదు, పైన తీసుకున్న నిర్ణయం. 2025ల భూభారతి చట్టం తెచ్చి అప్పీలుకు మళ్ల తొవ్వ పెట్టిన్రు. ఇప్పుడు నా నోట్‌బుక్‌ల ఉన్న ప్రశ్న: వచ్చిన అర్జీలెన్ని, తీరినయెన్ని, ఒక్కోదానికి ఎన్ని దినాలు పట్టింది?

నాలుగోది ఉపాధి హామీ హాజరు. 2023 జనవరి 1 నుంచి పని జాగల దినానికి రెండు సార్లు ఫొటో దించి యాప్‌ల ఎక్కియ్యాలన్నరు. దొంగ హాజరు ఆపుతమన్నరు. 2025 జూలైల కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నరని, ఫొటోకే ఫొటో దించి పెడ్తున్నరని. అటు సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతె, ఎండల నిజంగ పని చేసిన ఆమె కూలి పోతది. ఇటు దొంగ లెక్క రాసెటోడు యాప్‌ను గూడ మోసం చేసే తొవ్వ దేవులాడుకుంటడు. టెక్నాలజీ దొంగను ఆపిందా, కూలి మనిషిని ఆపిందా అన్నది పని జాగల నిలబడి చూస్తెనే తెలుస్తది. హైదరాబాద్‌ల ఏసీ రూంల కూసొని నాకు తెల్వది.

చేతిల ఉన్న పనిముట్లు

ఈ పని చెయ్యాలంటె బీటెక్ అక్కర లేదు. కోడింగ్ తెలిస్తె మంచిదే. అంతకంటె ముందు కాయితం చదువుడు రావాలె.

ఒకటి, కాగ్ రిపోర్టులు. సర్కారు పైసల ఆడిట్ అది, వెబ్‌సైట్‌ల ఎవరైనా చదవొచ్చు. 2023ల ఆయుష్మాన్ భారత్ మీద కాగ్ ఇచ్చిన రిపోర్టుల ఒక సంగతి ఉన్నది. దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులకు ఒక్కటే ఫోన్ నంబర్ ఎక్కిచ్చిన్రు. తొమ్మిది అంకె పదిసార్లు. గుర్తింపు ఆధార్‌తోని చేస్తం, ఫోన్ నంబర్‌తోని కాదని సర్కారు జవాబిచ్చింది. వార్త రాస్తె ఆ జవాబు గూడ రాయాలె. కాని ఫోన్ నంబరే ఉత్తదైతె, నీ పేరు మీద వైద్యం జరిగిందన్న మెసేజ్ నీకెట్ల వస్తది? ఆ ప్రశ్న గూడ పెట్టాలె.

రెండు, టెండర్ కాయితాలు. రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌ల ఉంటయి. వంద పేజీలుంటె భయపడకుండ్రి. గడువు, జుర్మానా, డేటా, నిర్వహణ ఖర్చు ఉన్న పేజీలు ముందు చదువుండ్రి.

మూడు, సమాచార హక్కు చట్టం, 2005. మన దగ్గర గ్రామ పంచాయతీ స్థాయిల ఫీజు లేదు, మండల స్థాయిల 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల కార్డు ఉన్న పేదోళ్లకు ఫీజే లేదు. 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. ఇయ్యకపోతె మొదటి అప్పీలు, దాని మీద గూడ కాకపోతె 90 దినాలల్ల సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. "ఎందుకు చేసిన్రు?" అని అడిగితె జవాబు రాదు. కాయితం అడగాలె, అంకెలు అడగాలె. ఇట్ల: "మా మండలంల ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాక వచ్చిన దరఖాస్తులెన్ని, తిరస్కరించినయెన్ని, తిరస్కరించిన ప్రతి దానికి రాసిన కారణం ఏంది. పేర్లు అక్కర లేదు."

పేర్లు అక్కర లేదని ఎందుకన్ననంటె, ఈ చట్టం ఇప్పుడు కొంత బలం పోగొట్టుకున్నది. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టంతోని ఆర్టీఐల సెక్షన్ 8(1)(జె)ని మార్చిన్రు. 2025 నవంబర్‌ల అది అమలుకొచ్చింది. ముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజలకు అక్కరున్నదైతె ఇయ్యాలని ఆ సెక్షన్‌లనే ఉండె. ఇప్పుడు "వ్యక్తిగతం" అని ఒక్క మాటతోని ఆఫీసర్ ఆపొచ్చు. సెక్షన్ 8(2) ఇంకా ఉన్నది. దాని కింద ప్రజా ప్రయోజనం ఎక్కువుంటె ఇయ్యొచ్చు. అందుకే అర్జీలనే ఆ సెక్షన్ పేరు రాసి, ప్రజలకు ఎందుకు అక్కరనో రెండు ముక్కలల్ల చెప్పుండ్రి.

ఒత్తిడి, మర్యాద

ఈ పనిల ఒత్తిడి ఉండదా అంటె ఉంటది. ఒక కంపెనీ యాప్ మీద వచ్చిన ఫిర్యాదులు రాస్తుంటె ముందు పీఆర్ ఏజెన్సీ నుంచి తియ్యటి ఫోన్ వచ్చింది, తర్వాత యాడ్స్ ముచ్చట వచ్చింది. నా ప్రశ్నలు రాసి మెయిల్ పెట్టిన, జవాబుకు రెండు దినాలు టైం ఇచ్చిన, వచ్చిన జవాబును వార్తల పెట్టిన. రాతల కాయితం ఉంటె ఫోన్లకు భయపడే పని లేదు. మాటలే ఉంటె కష్టం.

ఇంకోటి మన యూట్యూబ్ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెప్పాలె. బాధితుల వీడియో తీసేటప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు కెమెరాకు పట్టకుండ్రి. నంబర్లు మూసి చూపియ్యుండ్రి. పెన్షన్ పోయిందని ఏడుస్తున్న అవ్వకు న్యాయం చేద్దామనుకుంట, ఆమె ఖాతా వివరాలు దొంగల చేతిల పెట్టొద్దు. అవతలి ఆఫీసర్‌ను గూడ తప్పకుండ అడగాలె. "స్పందించలేదు" అని రాయాలంటె నిజంగ అడిగి ఉండాలె.

మీ ఊరే మీ బీట్

మాలెక్క పట్నంల ఉన్న రిపోర్టర్లకు ప్రెస్ మీట్లు దొరుకుతయి, మంత్రులు దొరుకుతరు, కంపెనీ ఓనర్లు దొరుకుతరు. మాకు దొరకనిది ఒక్కటే, ఆ సాఫ్ట్‌వేర్ ఆఖరికి వచ్చి ఆగే జాగ. మీసేవ కాడ లైన్ల నిలబడ్డది మీరు. వేలిముద్ర పడక అవ్వ నాలుగుసార్లు చేతులు తుడుసుకునుడు చూసేది మీరు. సర్వర్ డౌన్ అని మూడు దినాల నుంచి తిప్పుతున్న రైతు మీ పక్కింటాయన.

ఊకె "సర్వర్ పని చేస్తలేదు" అని స్టేటస్ పెడితె సాయంత్రానికి మర్సిపోతరు. అదే ఒక నోట్‌బుక్ పెట్టుండ్రి. తేదీ, టైం, ఏ పని, స్క్రీన్ మీద వచ్చిన మాట ఏంది, ఎంతమంది వాపస్ పోయిన్రు అని ఒక నెల రాయుండ్రి. ఆ నెల లెక్క పట్టుకొని మండల ఆఫీసుల ఆర్టీఐ వెయ్యుండ్రి. వాళ్ల లెక్క, మీ లెక్క పక్కపక్కన పెట్టుండ్రి. రెండింటి నడుమ తేడా ఎంతుంటె వార్త అంత పెద్దది. దాన్ని మీ జిల్లా రిపోర్టర్‌కు పంపొచ్చు, మీ చానల్‌ల మీరే చెప్పొచ్చు, గ్రామసభల నిలబడి చదవొచ్చు.

వచ్చేసారి మీ మండలంల ఏదన్న కొత్త పోర్టల్ షురూ అయితె ఆ తేదీ రాసి పెట్టుకోండ్రి. ఆరు నెలలకు మళ్ల అదే కౌంటర్ కాడికి పోయి మూడు మాటలు అడగుండ్రి. ఎంతమందికి పని అయింది? కానోళ్లకు కారణం ఏమని రాసిచ్చిన్రు? తప్పు దిద్దే ఆఫీసర్ ఎవరు? ఈ మూడింటికి జవాబు రాకపోతె, రాలేదన్నదే రాయుండ్రి.